రెంబ్రాంట్ ముఖం గురించి రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ తన ముఖాన్నే వేసుకున్న స్వీయచిత్రాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, అందులో సందేహం లేదు. అయితే మొదటి పేజీలోనే "ఆత్మచిత్రం" అన్న మాట వాడి, ఆ మాటలోని ఆత్మను పట్టుకుని పదకొండు పేజీలు నడిచావు. పేదరికం, పుత్రశోకం, ఒంటరితనం, ఆత్మశోధన అన్నీ ఆ ముఖంలో కనిపించాయని రాశావు. నువ్వు ఆయన జీవితచరిత్ర ముందు చదివి, బొమ్మలు ఆ తరువాత చూశావని నాకు అనిపించింది.

ఆ కాలపు డచ్ భాషలో ఇలాంటి బొమ్మకు ప్రత్యేకంగా ఒక పేరే లేదు. ఆస్తుల జాబితాలో ఎక్కించవలసి వస్తే "రెంబ్రాంట్ రూపం, ఆయనే వేసినది" అన్న తీరులో రాసుకునేవారు. కొన్నవాడికి ఒకే పటంలో రెండు దక్కేవి: పేరు మోసిన చిత్రకారుడి ముఖం, ఆ చేతి పనితనం. తైలచిత్రాలే సుమారు 40, రాగిరేకు మీద గీసి ముద్రించినవి 30 పైచిలుకు ఉన్నాయంటే, అవన్నీ మనసు విప్పుకోవడానికే వేశాడనుకోవడం మన కాలపు అలవాటు. వాటిలో సాధన ఉంది, వేషం ఉంది, బేరం ఉంది. మనసు కూడా ఉండవచ్చు గాని, దాన్ని ముందే కుర్చీ వేసి కూర్చోబెట్టకూడదు.

1630లో గీసిన ఒక చిన్న ఎచింగ్, అంటే రాగిరేకు ముద్ర, ఉంది, అరచేతిలో సగం కూడా ఉండదు. టోపీ పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసి, నోరు గుండ్రంగా చుట్టి మన వైపు చూస్తుంటాడు. నువ్వు దాన్ని "యౌవనపు భయం" అన్నావు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు అద్దం ముందు నిలబడి ఆశ్చర్యపోయిన ముఖం ఎలా ఉంటుందో నేర్చుకుంటున్నాడు, అంతే. మోడల్‌కు కూలి ఇవ్వనక్కరలేదు, ఎంతసేపు నిలబెట్టినా విసుక్కోడు. ఆయన శిష్యుడు సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ 1678లో అచ్చు వేయించిన చిత్రకళాగ్రంథంలో, భావాలను పట్టుకోవాలంటే అద్దం ముందు నటుడివీ ప్రేక్షకుడివీ నువ్వే కావాలని చెప్పాడు. గురువు దగ్గర చూసిందే రాశాడని నా ఊహ.

ఇక ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిక్స్ మ్యూజియంలో ఉన్న 1628 నాటి చిత్రం. "వెలుగు చెంప దగ్గరే ఆగిపోయింది, కళ్ళ దాకా రాలేదు" అని నాలుగో పేజీలో రాశావు. చక్కటి వాక్యం. మరుసటి పేరాలోనే ఆ కళ్ళలో విషాదం చూశావు! ఆ చీకట్లో కళ్ళు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికే వెతుక్కోవాలి. చూడవలసింది జుట్టు. రంగు ఆరకముందే కుంచెను తిరగేసి, దాని పిడి కొనతో గీరి ఉంగరాలు తిప్పాడు. అక్కడ వెంట్రుక అంటే రంగు వేసిన చోటు కాదు, తీసేసిన చోటు. జానెడు పటం అది. దానికి ఒక పేజీ ఇచ్చినా దండగ కాదు.

నిన్ను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. 1656లో రెంబ్రాంట్ అప్పులు తీర్చలేక దివాలా తీశాడు. 1639లో 13,000 గిల్డర్లకు (ఆనాటి డచ్ నాణేలు) కొన్న ఇల్లు 1658లో వేలంలో పోయింది. అదే 1658లో వేసిన స్వీయచిత్రం న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్‌లో ఉంది. కుర్రతనంలో నేను దాని నలుపు తెలుపు ముద్రణ ఒకటి చూసి, "చితికిపోయిన మనిషి" అంటూ వ్యాసం రాశాను. ఒక పత్రిక వేసుకుంది కూడా. చాలా ఏళ్ళకు అసలు పటం ముందు నిలబడ్డప్పుడు సిగ్గేసింది. నాలుగడుగులకు పైబడిన కాన్వాస్, బంగారు రంగు వస్త్రం, నడుముకు ఎర్రటి పట్టీ, ఎడమచేతిలో కర్ర, సింహాసనం మీద కూర్చున్నవాడి తీరు. అలాంటి బట్టలు ఆనాటి ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో ఎవరూ తొడుక్కునేవారు కారు. ముఖంలో అలసట లేదని అనను. ఇల్లు పోయిన ఏడాదే ఇంత దర్జా ఎందుకు అన్న ప్రశ్నను మాత్రం నా వ్యాసం తప్పించుకుంది, నీ వ్యాసమూ తప్పించుకుంటున్నది.

లండన్ కెన్‌వుడ్ హౌస్‌లోని రెంబ్రాంట్ రెండు వృత్తాల స్వీయచిత్రం, సుమారు 1665 నాటిది, ఇంకో పాఠం. అద్దంలో కుడిచేయి ఎడమచేయిగా కనిపిస్తుంది కదా. మొదట కుంచెను అద్దంలో కనిపించిన చేతిలోనే పెట్టి, తరువాత మార్చాడని ఎక్స్‌రేలో తేలింది. చేతుల్ని మాత్రం కొన్ని దూకుడు గీతలతో వదిలేశాడు. వెనక గోడ మీది వృత్తాలకు పండితులు చెప్పిన అర్థాలు చాలా ఉన్నాయి. నువ్వు వాటిలో ఒకటి ఏరుకుని తీర్పు చెప్పేశావు. వృత్తాలను అక్కడే ఉండనిచ్చి, ఆ చేతుల గురించి రాయి.

నీ వ్యాసంలో అదే కాలపు డచ్ చిత్రకారిణి జూడిత్ లేస్టర్‌కు ఒక్క వాక్యమే దక్కింది, అదీ "మహిళా చిత్రకారిణి కూడా" అని. హార్లెమ్ చిత్రకారుల సంఘంలో 1633లోనే సభ్యత్వం పొందిన మనిషి ఆమె. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆమె స్వీయచిత్రంలో, కుర్చీలో వెనక్కి వాలి, మోచేయి ఆనించి, పనికి ఏమాత్రం పనికిరాని వెడల్పాటి లేసు కాలరుతో, గుప్పెడు కుంచెలు పట్టుకుని, మాట మధ్యలో ఆగినట్టు పెదవులు విప్పి ఉంటుంది. పటం ఆనించే ఈజిల్ మీద నవ్వుతున్న ఫిడేలు వాద్యగాడు. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో అతని కింద మొదట ఒక యువతి ముఖం ఉన్నట్టు కనిపించింది. ఆ ముఖాన్ని కప్పి ఫిడేలువాణ్ణి తెచ్చిపెట్టింది. దానితో రూపచిత్రాలూ వినోద దృశ్యాలూ రెండూ తన దగ్గర దొరుకుతాయని ఒకే పటంలో చెప్పినట్టయింది. ఆమె సంతకంలో పేరు పొడి అక్షరాల పక్కన ఒక నక్షత్రం ఉండేది. అయినా ఆమె పటాలు చాలా కాలం హార్లెమ్ చిత్రకారుడే అయిన ఫ్రాన్స్ హాల్స్ పేరుతో చెలామణి అయ్యాయి. 1893లో గాని ఆ పొరపాటు బయటపడలేదు. ఆ నక్షత్రానికి నీ వ్యాసంలో చోటు కావాలి.

"ఆత్మచిత్రం" అన్న చోటల్లా "స్వీయచిత్రం" అని దిద్దు. మొదటి మూడు పేజీలు పక్కన పెట్టి, చెంప దగ్గర ఆగిన వెలుగు గురించిన ఆ వాక్యంతోనే వ్యాసం మొదలుపెట్టి మళ్ళీ పంపు. ఈసారి పటాల కొలతలు కూడా రాయడం మరచిపోకు.