చిన్నపిల్లల క్లాసుకు వెళ్తున్న అమ్మాయికి

తల్లీ,

నర్సరీ, ఎల్‌కేజీ రెండూ నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన యాక్టివిటీ ప్లాన్ కూడా చదివాను. అరగంటకో ఆట, ఆటకో లక్ష్యం, లక్ష్యానికో చార్టు. కష్టపడి రాశావు, కాదనను. కానీ అందులో మొదటి నుంచి చివరిదాకా నువ్వే మాట్లాడుతున్నావు. నువ్వు చూపిస్తావు, పిల్లలు నీ వెంట చేస్తారు. ఇది ఆట వేషం వేసుకున్న పాఠం. పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు, "ఇంక ఆడుకోవచ్చా టీచర్?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే అప్పటిదాకా జరిగింది ఆట కాదని వాళ్లే తేల్చేసినట్టు.

నేను చెప్పేది ఒక్కటే. వస్తువులు అమర్చడంలో నీ పని ఎంతైనా ఉండనీ, ఆట మొదలయ్యాక మాత్రం నోటికి పని తగ్గాలి, కళ్లకు పెరగాలి.

ముందు గది సంగతి చూడు. బయట పెట్టే బొమ్మల్ని సగానికి సగం తగ్గించు. అలమర నిండుగా కనిపిస్తే పిల్లలు ఒకటి తీసి, పడేసి, ఇంకొకటి తీస్తారు. దేనిమీదా నిలవరు. వారం పది రోజులకోసారి కొన్ని లోపల పెట్టి కొన్ని బయటికి తియ్యి, పాత బొమ్మే కొత్తదై కూర్చుంటుంది. బ్లాక్స్ మూలను నడిచే దారిలో పెట్టకు. బాత్రూముకు పరిగెత్తేవాడు ఎవడో ఒకడు కాలితో తన్నేస్తాడు, కట్టినవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. మనమేమో పరిగెత్తినవాడిని తిడతాం. చూసి నడవలేదని వాడిని అంటాం గానీ, దారిలో పెట్టింది మనమే కదా.

బ్లాక్స్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నాకు అవంటే పక్షపాతం. క్లాసుకు ఒక్కటే కొనడానికి డబ్బుంటే చెక్క బ్లాక్స్ కొనమంటాను. కరొలిన్ ప్రాట్ అనే అమెరికన్ టీచరు వందేళ్ల కిందటే తయారుచేసిన యూనిట్ బ్లాక్స్‌లో కొలత చూడు: చిన్న బ్లాకులు రెండు చేరిస్తే పొడుగు బ్లాకు ఒకటి, నాలుగు చేరిస్తే ఇంకా పొడుగుది ఒకటి. గోడ కడుతుంటే పొడుగువి అయిపోతాయి. అప్పుడు పిల్ల రెండు చిన్నవి పక్కపక్కన పెట్టి ఖాళీ పూడ్చేస్తుంది. సగం, రెట్టింపు అనే మాటలు ఇంకా రాకముందే ఆ లెక్క దాని చేతికి వచ్చేసింది.

మొదట్లో పిల్లలు బ్లాక్స్ ఊరికే మోస్తారు. బుట్టలోంచి తీసి అక్కడ పడేస్తారు, మళ్లీ మోస్తారు. ఏమీ చెయ్యట్లేదని కంగారుపడకు, బరువు చూసుకుంటున్నారు. తర్వాత ఒకదానిమీద ఒకటి పేరుస్తారు, వరసగా పరుస్తారు. కొన్నాళ్లకు వంతెన వస్తుంది: రెండు నిలబెట్టి పైన ఒకటి అడ్డంగా. ఇక్కడే నువ్వు చేతులు కట్టుకుని కూర్చోవాలి. పిల్లాడు రెండు బ్లాకులూ దూరంగా నిలబెడతాడు, పైది అందక కింద పడుతుంది. మళ్లీ పెడతాడు, మళ్లీ పడుతుంది. పైదాన్ని తిప్పి చూస్తాడు, వేరేది తెస్తాడు. "దగ్గరికి జరుపు నాన్నా" అనే మాట నీ నాలుక చివర ఉంటుంది. అనకు. చెబితే ఒక వంతెన నిలుస్తుంది. చెప్పకుండా ఉంటే దూరానికీ పొడవుకీ లంకె ఉందన్న సంగతి వాడి సొంతమవుతుంది. విసుగొచ్చి వదిలేసి వెళ్లిపోయేలా ఉంటే అప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యి: "ఇది ఎందుకు పడిపోతోందంటావ్?" అడిగాక ఆగు. మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో టీచర్ల మాటలు రికార్డు చేసి చూస్తే, ప్రశ్న వేశాక ఆగే సమయం సగటున ఒక సెకను దగ్గరే తేలింది. మూడు సెకన్లకు మించి ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. అదీ బడి పిల్లల సంగతి. నీ క్లాసులో ఉన్నది మూడేళ్లవాళ్లు, ఇంకాస్త ఆగాలి మరి.

ఇక అంకెలు. పేరెంట్స్ గర్వంగా చెబుతారు, మావాడికి వంద దాకా వచ్చని. వంద దాకా వల్లించడం పాట పాడటం లాంటిదే, లెక్కపెట్టడం వేరే పని. ఆరు బ్లాక్స్ వాడిముందు పెట్టి లెక్కపెట్టమను. వేలు ఒకచోట ఉంటుంది, నోరు రెండంకెలు ముందుంటుంది. కొందరు సరిగ్గానే ఆరు దాకా లెక్కపెడతారు, "అయితే ఎన్ని ఉన్నాయి?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. చివరగా చెప్పిన అంకే మొత్తం అని వాళ్లకింకా తట్టలేదన్నమాట. దీనికి వర్క్‌షీట్ పనికిరాదు. వంటింటి ఆటలో నాలుగు బొమ్మల్ని కూర్చోబెట్టి, "అందరికీ తలా ఒక చెంచా తెచ్చిపెట్టు" అను. చెంచాలు గదికి అవతలి వైపు ఉండాలి. అక్కడికి వెళ్లేలోపు ఎన్ని కావాలో మనసులో పెట్టుకోవాలి కదా, ఆ నడకలోనే ఉంది కిటుకంతా. మూడే తెస్తే "తప్పు" అనొద్దు. చెంచా రాని బొమ్మ వాడికే కనిపిస్తుంది.

నాలుగేళ్లు దాటినవాళ్లకు అంకెల బాట ఆట ఒకటి తయారుచెయ్యి. అట్టముక్కమీద ఒకే వరసలో ఒకటి నుంచి పది దాకా గళ్లు, ఒకటీ రెండూ మాత్రమే పడే తిరుగుడు చక్రం, చెరో కాయ. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో వాడింది ఇలాంటి ఆటే. రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట ఇరవై నిమిషాల చొప్పున ఆడినవాళ్లకు ఏ అంకె పెద్దదో, ఏది ఎక్కడ ఉంటుందో బాగా తెలిసింది. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ తెలివిడి పోలేదు. అదే ఆటను అంకెలు లేకుండా రంగుల గళ్లతో ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, మర్చిపోకు. కాయ మూడో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అంటూ జరపకూడదు, "నాలుగు, ఐదు" అంటూ గడిలో ఉన్న అంకె చదువుతూ జరపాలి. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు అలాగే జరుపు చాలు, చూసి పట్టుకుంటారు.

అక్షరాల విషయంలో నీకు అందరూ చెప్పేది నిలువు గీత, అడ్డ గీత, ఏటవాలు గీత. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు అది సరే. మన అక్షరాలన్నీ గుండ్రాలూ వంపులే. అందుకే ఇసుక ట్రేలో వేలితో సున్నాలు, చుట్టలు, అలలు గీయించు. నేలమీద చాక్‌పీసుతో పెద్ద చుట్ట గీసి దానిమీద నడిపించు. ముందు భుజం తిరగాలి, తర్వాత మణికట్టు, ఆ తర్వాతే వేళ్లు. మాంటిస్సోరి అనే ఇటలీ విద్యావేత్త గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి వేలితో తడమమన్నది కూడా, ఆకారం పెన్సిలు కన్నా ముందు చేతికి తెలియాలనే. క్లే పిసకడం, క్లిప్పులు తగిలించడం, చిన్న పటకారుతో దూది ఉండలు తీయడం, ఇవన్నీ రాతపనే అనుకో. పెన్సిలు కోసం తొందరపడకు.

చెవి ఆటలు అన్నిటికన్నా చవక. ఒక్క వస్తువు అక్కర్లేదు. పేరు పలుకుతూ అక్షరానికో చప్పట్టు కొట్టించు: ఏ-ను-గు, వి-మా-నం. ఎవరి పేరుకు ఎన్ని చప్పట్లో చూడమంటే క్లాసు హోరెత్తిపోతుంది. పలక, చిలక, బంతి అని, వీటిలో కలవనిది ఏదో చెప్పమను. "క-తో మొదలయ్యేది ఏదైనా చెప్పండి" అంటే ఒకడు తప్పకుండా లేని మాట పుట్టిస్తాడు. పుట్టించనీ, క-తో మొదలైందా లేదా అన్నదే మనకు కావాల్సింది. బయటికి వెళ్లేముందు లైన్లో నిలబడే సమయం వీటికి సరిగ్గా సరిపోతుంది.

నటించే ఆటల దగ్గర పెద్దవాళ్లు పోగొట్టుకునేది ఎక్కువ. డాక్టరాట, బస్సాట, అంగడాట, ఏదైనా సరే, అక్కడ ఖాళీ కాగితాలూ పెన్సిలూ పెట్టి చూడు. టికెట్లు రాస్తారు, మందుల చీటీలు రాస్తారు. అవన్నీ కోడిగీతలే. కానీ రాస్తే ఇంకొకరికి ఏదో తెలుస్తుందన్న సంగతి అందులో ఉంది. నటనలో ఇంకో గుణం కూడా ఉంది. 1948 నాటి సోవియట్ ప్రయోగం ఒకటి, మనుయిలెంకో అనే పరిశోధకులు చేసింది. ఊరికే కదలకుండా నిలబడమంటే కాసేపట్లోనే కదిలిన పిల్లలు, కాపలా సైనికుడి వేషం ఇస్తే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. నీ క్లాసులో కుదురులేనివాడికి బస్సు డ్రైవరు సీటు ఇచ్చి చూడు. "కూర్చో, కూర్చో" అని అరిచే బాధ తప్పుతుంది.

పిల్లలు ఎవరికి వారే ఆడుతున్నారని నువ్వు టెన్షన్ పడ్డావట. మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే పిల్లల ఆటను గమనించి వరసలుగా రాసిపెట్టింది: ఒంటరిగా ఆడేది, నిలబడి చూసేది, పక్కపక్కనే ఎవరిది వాళ్లు ఆడేది, చివరగా కలిసి ఆడేది. మూడేళ్లవాళ్లు పక్కపక్కన ఆడుతున్నారంటే వయసుకు తగ్గట్టే ఉన్నారు. "షేర్ చేసుకో" అని బలవంతంగా లాక్కోకు. అందరికీ నచ్చే బొమ్మలు రెండేసి పెట్టు, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. గోడకు ఆనుకుని చూసే పిల్లను కూడా చెయ్యిపట్టి లాగొద్దు. అది చూస్తోంది. కాకపోతే వారాల తరబడి ఏ ఆటలోనూ దిగకపోతే, పిలిస్తే పలక్కపోతే, ఇంట్లోవాళ్లతో నెమ్మదిగా మాట్లాడు.

కదిలే ఆటలు ప్లాన్‌లో చివర్న ఒక పావుగంట రాశావు. చాలదు. మూడు నాలుగేళ్లవాళ్లకు రోజుమొత్తంలో 180 నిమిషాల కదలిక ఉండాలని, అందులో కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చే ఆటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పాట ఆగగానే శిలలా నిలబడటం, "తల" అంటే కాళ్లు ముట్టుకోవడం, "కాళ్లు" అంటే తల ముట్టుకోవడం. రెండోది చూడటానికి సరదాగా ఉంటుంది గానీ, ఒళ్లు చేయబోయే పనిని మనసు ఆపడం నేర్చుకునేది అందులోనే.

జాగ్రత్తలు ఉన్నమాటగా చెబుతాను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వెడల్పు 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసే వస్తువు గొంతులో అడ్డుపడగలదు. నర్సరీవాళ్లు మూడు దాటినా ఆ కొలతే పాటించు. గింజలు ముక్కులో పెట్టుకుంటారు, తడికి అవి ఉబ్బుతాయి. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మ మూత స్క్రూతో బిగించి ఉంటేనే క్లాసులోకి రానివ్వు. నీళ్ల టబ్ దగ్గర మనిషి ఉండాలి, ఆట అవగానే ఒంపెయ్యాలి. ఇందులో మొహమాటం వద్దు.

మెచ్చుకోవడం గురించి ఒక మాట. "సూపర్, వెరీ గుడ్" అని గదంతా తిరిగితే పిల్లలు బ్లాక్స్ వదిలి నీ మొహం చూడటం మొదలుపెడతారు. దానికి బదులు కనిపించింది చెప్పు: "ఎర్రవన్నీ ఒకవైపే పెట్టావే." అంతే. ఎందుకు పెట్టాడో వాడే చెబుతాడు, నీకు తెలియని కథ ఒకటి వింటావు.

నోటుబుక్కులు ఏవని పేరెంట్స్ అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. వాదన పెట్టుకోకు. ఇదేదో నిన్నామొన్నటి ఫ్యాషన్ అనుకుంటే, ఫ్రోబెల్ అనే విద్యావేత్త జర్మనీలో బంతులూ చెక్క దిమ్మెలూ ఇచ్చి ఇలాంటి బడి మొదలుపెట్టింది 1837లో అని చెప్పొచ్చు. కానీ చరిత్ర కన్నా వాళ్ల పిల్ల సంగతి బాగా పనిచేస్తుంది. జేబులో చిన్న పుస్తకం ఉంచుకుని రోజుకు నలుగురైదుగురి గురించి ఒక్కో వాక్యం రాసుకో. తేదీ, ఏం చేసింది, ఏమంది. "మంగళవారం నాలుగు చెంచాలు ఒకేసారి తెచ్చింది, పోయిన నెల ఒక్కొక్కటే తెచ్చేది" అని ఆ తల్లికి చదివి వినిపించు. నోటుబుక్కు ఊసు మళ్లీ ఎత్తదు. ఎత్తినా కాస్త మెత్తగా ఎత్తుతుంది.

మొదటి వారానికి బ్లాక్స్, క్లే, ఒక వంటిల్లు మూల చాలు. సర్దే సమయానికి ఒకటే పాట పెట్టుకో, రోజూ అదే. బుట్టలమీద బొమ్మ అంటిస్తే ఏది ఎందులో వెయ్యాలో నిన్ను అడగరు. ఆ ప్లాన్ పారేయకు, దాచిపెట్టు. అందులో రంగునీళ్ల ఆట బాగుంది, రెండో వారంలో చేయిద్దువుగాని. ఏప్రాన్లు ముందే చూసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ