కోడలికి: వరి ఆకులో వైరస్ వెతికే ముందు

అమ్మలూ,

తిరుపతి ల్యాబులో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వరి, మొక్కజొన్న, రాగి పైర్లలో వైరస్‌లను సీక్వెన్సింగ్‌తో, అంటే జన్యు అక్షరాల వరుసను చదివి, పట్టే పని అప్పజెప్పారట కదా. మిషన్ నడపడం అక్కడివాళ్లు నేర్పుతారు. ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి, అవే రాస్తున్నాను.

శ్రీకాళహస్తి వైపు కయ్యలకు వెళ్లినప్పుడు వరి పసుపు రంగుకు తిరిగి గిడసబారి కనిపిస్తే వెంటనే టుంగ్రో (పురుగు మోసే వైరస్ తెగులు) అనేయకు. జింకు తక్కువైనా, నత్రజని తక్కువైనా రంగు మారుతుంది. టుంగ్రోలో ఆకు కొన నుంచి కిందికి పసుపు, నారింజ రంగు దిగుతుంది, దుబ్బు పొట్టిగా ఉండిపోతుంది. అనుమానం తీరకపోతే పాత ఐయోడిన్ పరీక్ష ఉంది. తెల్లారి 6 గంటల లోపే ఆకు కొనలు ఒక్కొక్కటి 10 సెంటీమీటర్లు కోసి, 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల ఐయోడిన్, 6 గ్రాముల పొటాషియం అయొడైడ్ కలిపిన ద్రావణంలో పావుగంట ముంచు. రోగమున్న ఆకులో పిండిపదార్థం కదలక నిలిచిపోతుంది కాబట్టి ముదురు నీలం చారలు వస్తాయి. ఎండెక్కాక కోస్తే మంచి ఆకులోనూ పిండి తయారై ఉంటుంది, పరీక్ష చెడుతుంది. దీంతో వైరస్ పేరు తేలదు గానీ, సీక్వెన్సింగ్‌కు ఏ మొక్కను పంపాలో తేలుతుంది.

ఎండిపోయిన ఆకు వద్దు, అందులో వైరస్ కంటే బూజు ఎక్కువ. లక్షణాలు అప్పుడే మొదలైన లేత ఆకు కొయ్యి. పాలిథిన్ సంచిలో తడిగా కట్టి మన ఎండలో రెండు గంటలు తిప్పితే మనం చదవాల్సిన ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏ లాంటి జన్యు పదార్థం) అంతా ముక్కలైపోతుంది. కోసిన వెంటనే ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణంలో వెయ్యి, లేదా లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ మోసుకెళ్లు. పశువుల డాక్టర్లు మోసేలాంటి క్యానే, చూసి రైతులు ఆవులకు ఇంజెక్షన్లు వెయ్యడానికి వచ్చావనుకుంటారు, కంగారు పడకు! లేబుల్ పెన్సిల్‌తో రాయి. స్పిరిట్ తగిలితే పెన్ను ఇంకు పోతుంది.

అదే మడిలో బాగున్న మొక్క ఆకు కూడా తప్పకుండా కొయ్యి. ఇందులో నేను దెబ్బతిన్నాను. డబ్బు ఆదా చేద్దామని ఒకసారి మంచి మొక్కను పంపలేదు. పైగా ఆర్‌ఎన్‌ఏతో కలిసొచ్చే మొక్క డీఎన్‌ఏను తొలగించే మెట్టు వదిలేశాను. రిపోర్టులో టుంగ్రో తెచ్చే వైరస్‌లలో ఒకటైన టుంగ్రో బాసిలిఫాం వైరస్‌ను పోలిన ముక్కలు వచ్చాయి, నేను పొంగిపోయి పై అధికారికి చెప్పేశాను. తర్వాత వలగూడులో విత్తనంతో పెంచిన ఆరోగ్యమైన నారులోనూ అవే ముక్కలు! వరి తన జన్యువుల్లోనే అలాంటి వైరస్ ముక్కలను ఎప్పటి నుంచో మోస్తోందని అప్పుడు తెలిసింది. అసలు వైరస్ అయితే దాదాపు 8,000 అక్షరాల జన్యుక్రమం ఈ చివర నుంచి ఆ చివర దాకా రీడ్లతో (మిషన్ చదివిన చిన్న ముక్కలతో) నిండాలి. అక్కడక్కడా అతుకులు కనిపిస్తే నమ్మకు.

ఇంకో మెలిక. ఆకులో తీసిన ఆర్‌ఎన్‌ఏలో అధిక భాగం మొక్క కణాల్లో ప్రొటీన్ తయారుచేసే రైబోజోములదే, దాన్ని తీసేసి పంపాలి. కొందరు సులువని పాలీ-ఏ తోక (ఆర్‌ఎన్‌ఏ చివర వరసగా ఉండే ‘ఏ’ అక్షరాలు) ఉన్నవాటినే ఏరుకుంటారు. కెన్యాలో 2011లో మొక్కజొన్న చేలు నిలువునా ఎండిపోయాయి. సీక్వెన్సింగ్‌లో తేలిందేమిటంటే అది రెండు వైరస్‌ల ఉమ్మడి పని: షుగర్‌కేన్ మొజాయిక్, మెయిజ్ క్లోరోటిక్ మాటిల్. మొదటిదానికి ఆ తోక ఉంది, రెండోదానికి లేదు. తోకలనే ఏరితే సగం దొంగనే పట్టుకునేవాళ్లు. మన టుంగ్రోలోనూ ఇద్దరు ఉంటారు, ఒకరిది డీఎన్‌ఏ (పైన చెప్పిన బాసిలిఫాం), ఇంకొకరిది ఆర్‌ఎన్‌ఏ. రోగ లక్షణాలు డీఎన్‌ఏ వైరస్ తెస్తుంది. కానీ రెండోది తోడు లేకుండా పచ్చ దీపపు పురుగు దాన్ని మోయలేదు. కాబట్టి ఒకటి దొరికిందని ఆగిపోకు.

కంప్యూటర్ పని క్లుప్తంగా చెబుతాను: ముందు వరి జన్యుక్రమానికి సరిపోయే రీడ్లను పక్కన పెట్టు, మిగిలినవి ఒకదానికొకటి కలిపి పొడవుగా కుట్టు, తెలిసిన వైరస్‌ల అక్షరాలతో పోలిక దొరక్కపోతే ప్రొటీన్‌తో పోల్చు. కొత్త వైరస్ అయితే అక్షరాలు ఎంత మారినా ప్రొటీన్ కొంత గుర్తుపట్టేలా ఉంటుంది. పక్క శాంపిల్ రీడ్లు నాలుగైదు మనలోకి దూకుతుంటాయి, ఆ నాలుగైదుకు టెన్షన్ పడి పేపర్ రాయడానికి కూర్చోకు. ఆర్‌టీ-పీసీఆర్‌తో (ఒక వైరస్ ఆర్‌ఎన్‌ఏనే వెతికి పట్టే పరీక్షతో) మళ్లీ చూడు, ఇంకో పది మొక్కల్లో, మంచి మొక్కల్లో కూడా.

రిపోర్టు వచ్చేసరికి వారాలు పడుతుంది. అప్పటిదాకా రైతు చేతులు ముడుచుకుని కూర్చోడు, మందేదని అడుగుతాడు. వైరస్‌ను చంపే మందు లేదని మొహమాటపడకుండా చెప్పు, పురుగును అదుపు చెయ్యమను, కోత అయ్యాక మోళ్లు దున్నెయ్యమను. అతని ఫోన్ నంబరు కూడా నీ నోట్ పుస్తకంలో రాసుకో. మాకు ఆకులు ఇచ్చిన రైతుల్లో చాలామందికి ఫలితం ఎప్పటికీ చెప్పలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య