ఆపే బటన్ సంగతి

రాజమహేంద్రవరం

చిట్టితల్లీ,

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు బండి కొన్నావని చెప్పింది. ఏ స్కూటీయో అనుకున్నాను. "కాదు పెదనాన్నా, బీఎస్ఏ గోల్డెన్ ఫ్లాష్ అట, 1958 నాటిదట, విప్పి గదంతా పరిచింది" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 650 సీసీ బండి, నీ బరువుకి నాలుగింతలు. ఎవర్నడిగి కొన్నావే? అడిగితే వద్దంటానని తెలుసుగా, అందుకే అడగలేదు. అయినా ఆ రాత్రి మీ పెద్ద అమ్మమ్మను లేపి మరీ చెప్పాను, మన పిల్ల గోల్డెన్ ఫ్లాష్ కొన్నదని. నువ్వుండే కోవెంట్రీకి ఇరవై మైళ్ళ దూరంలో, బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్‌లో పుట్టిన బండి అది. ఆ ఫ్యాక్టరీ సైరన్ వినపడేంత దగ్గర్లోనే నేను అద్దెకున్నాను.

గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఖాళీ స్థలంలో వారం రోజులు తిప్పాకే రోడ్డెక్కు. ఆయిల్ చూసుకోకుండా కిక్ కొట్టకు. బ్యాటరీ ప్లస్ ఫ్రేముకి వస్తుంది, పొరపాటున తిరగేయకు. టైర్లు కొత్తవి వేయించు. ఇవన్నీ నీకు తెలిసినవే, నువ్వు ఇంజనీరువి.

నేనీ ఉత్తరం రాస్తున్నది మీ అమ్మ చివర్లో అన్న ఒక్క మాట కోసం. "హ్యాండిల్ మీద ఇంజను ఆపే పాత బటన్ పాడైందట, కొత్త బండ్లకుండే ఎర్ర స్విచ్ తెప్పించింది" అంది. తల్లీ, ఆ స్విచ్ బిగించకు. బిగించేసి ఉంటే ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు వెళ్ళి విప్పెయ్.

ఎందుకో చెప్తాను. నీ బండికి తాళం చెవి లేదు, గమనించావా? సిలిండర్ల వెనకాల లూకాస్ కే2ఎఫ్ మాగ్నెటో ఉంటుంది. తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. బ్యాటరీ విప్పి అవతల పారేసినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, లైట్లు మాత్రం వెలగవు. కొత్త బండ్లలో ఎర్ర స్విచ్ నొక్కితే సర్క్యూట్ తెగుతుంది, స్పార్క్ ఆగుతుంది. మాగ్నెటో బండిలో దానికి సరిగ్గా తలకిందులు. దాని లోపల కలుస్తూ విడిపోతూ స్పార్క్ పుట్టించే పాయింట్లుంటాయి. బటన్ నొక్కితే ఆ పాయింట్ల మూత మీది నుంచి వచ్చే వైరు ఎర్త్‌కి, అంటే బండి ఇనుప ఒంటికి తగులుతుంది. కరెంటు ఆ దారిన పోతుంది, ప్లగ్గుకి అందదు. అంటే ఇక్కడ కలిపితే ఆగుతుంది, తెంపితే నడుస్తుంది. నీ కొత్త స్విచ్‌ని ఉన్నదున్నట్టు తగిలిస్తే "రన్" అన్నచోట బండి లేవదు, "ఆఫ్" అన్నచోట నడుస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఆ స్విచ్‌కి బ్యాటరీ వైరు కలపాలేమో అని ఎవరైనా చెప్పి, నువ్వు కలిపావంటే ఆ కరెంటు మాగ్నెటోలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. మాగ్నెటోకి బ్యాటరీ సోకనివ్వకు.

ఇంకో సంగతి. ఈ వైరు తెగిపోతే నీకు తెలియదు. కొత్త బండ్లలో స్విచ్ వైరు తెగితే బండి ఆగిపోయి తనే చెబుతుంది. మాగ్నెటో బండి ఏమీ చెప్పదు, హాయిగా నడుస్తుంది. ఆపాల్సిన రోజున ఆగదు. అది నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియకూడదు.

1971 సంగతి. నా దగ్గరా గోల్డెన్ ఫ్లాషే, నాలుగో చేతిది. ఆ చలికాలమంతా ఒకటే తంటా. మా సందులోకి కుడివైపు తిప్పగానే ఇంజను టక్కున ఆగిపోయేది. ప్లగ్గులు మార్చాను. పాయింట్ల గ్యాప్ 0.012 అంగుళం ఉందో లేదో పదిసార్లు కొలిచాను. కార్బ్యురేటర్ కడిగాను. మూడు వారాలకి దొరికింది. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర ఆ బటన్ వైరు ఒరుసుకుని ఒరుసుకుని, పైతోలు అరిగి, గింజంత రాగి బయటపడింది. హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పితే అది ఫ్రేముకి తగిలేది. ఎవరూ బటన్ నొక్కకుండానే బండి తనను తాను ఆపుకుంటోందన్నమాట.

చేయాల్సిందల్లా గజం వైరు కొని మార్చడం. నేనేం చేశానో తెలుసా? మాగ్నెటో మూత దగ్గర ఆ వైరు పీకేశాను. రోగం పోయింది. తర్వాత వేద్దాంలే అనుకున్నాను. బండి ఆపాలంటే టాప్ గేర్లో బ్రేకు తొక్కి క్లచ్ వదిలేసేవాణ్ణి, చచ్చినట్టు ఆగేది. రెండు నెలలు అలాగే గడిచిపోయాయి.

ఏప్రిల్లో మీ తాతయ్య వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఆ దేశం వచ్చి పదిరోజులైంది. షేక్‌స్పియర్ పుట్టిన ఊరు చూపించన్నయ్యా అంటే వెనక కూర్చోబెట్టుకుని స్ట్రాట్‌ఫర్డ్ బయల్దేరాను. అప్పటికి హెల్మెట్ చట్టం లేదు, అది 1973లో వచ్చింది. నాకుంది, వాడికి లేదు. హెన్లీ ఇన్ ఆర్డెన్ దాటాక కొంచెం వేగం పెంచి, మలుపు రాబోతుంటే యాక్సిలేటర్ వదిలాను. అది వెనక్కి రాలేదు. కేబుల్ లోపల ఒక పోగు తెగి, గ్రిప్పు దగ్గర ఇరుక్కుందని తర్వాత తెలిసింది. బొటనవేలు దానంతటదే బటన్ మీదికి పోయింది. నొక్కాను. మళ్ళీ నొక్కాను. వైరే లేని బటన్ అది.

క్లచ్ పట్టాను. బరువు పోయేసరికి ఇంజను అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పేలిపోతుందేమోనని బెదిరి క్లచ్ వదిలాను. బండి ముందుకి దూకింది. రోడ్డు కుడికి తిరిగింది, మేం తిరగలేదు. పొదల కంచెలో ఎడమవైపుకి పడ్డాం. నేను ఎగిరి అవతల పడ్డాను. మీ తాతయ్య ఎడమచెయ్యి బండి కింద, సైలెన్సర్ కింద ఉండిపోయింది. ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది, వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, ఎత్తుదామంటే చెయ్యి పెట్టనివ్వడం లేదు. పెట్రోలు ట్యాప్ కట్టేశాను. కార్బ్యురేటర్లో మిగిలింది అయ్యేదాకా అది ఆగదుగా! చివరికి ప్లగ్గు వైర్లు ఉత్త చేత్తో పట్టి పీకాను, ఒకటి, తర్వాత రెండోది. షాకు భుజందాకా కొట్టింది. అప్పుడు ఆగింది. మొత్తం అర నిమిషం ఉంటుందేమో. ఆ అర నిమిషమూ వాడు "అన్నయ్యా" అని తప్ప ఇంకో మాట అనలేదు.

చిన్నప్పుడు నువ్వు తాతయ్య ఒళ్ళో కూర్చుని మోచేతి కింద గరిటంత మచ్చని వేలితో రాస్తూ అడిగేదానివి, ఇదేంటి తాతయ్యా అని. వేడిగంజి పడిందమ్మా అనేవాడు. మా అమ్మకీ అదే చెప్పాడు, మీ అమ్మమ్మకీ అదే చెప్పాడు. నలభై తొమ్మిదేళ్ళు నన్ను కాపాడి వెళ్ళిపోయాడు. ఇవాళ నీకు నేను చెప్తున్నాను.

అందుకని ఇలా చెయ్యి. పాతరకం బటనే కొను, ఒకే వైరుది. వైరు మొత్తం కొత్తది, ముక్కలు అతకొద్దు. మెడ దగ్గర కాస్త వదులు ఉంచి, పైన గొట్టం తొడుగు. ఆ బటన్‌కి ఎర్త్ హ్యాండిల్ ద్వారానే అందుతుంది. నువ్వు ఫ్రేముకి పౌడర్ కోటింగ్ చేయిస్తానన్నావట, ఆ రంగు కరెంటుని పోనివ్వదు. కాబట్టి హ్యాండిల్ నుంచి ఇంజనుకి విడిగా ఒక ఎర్త్ వైరు లాగు. మూత దగ్గర బటన్ వైరు విప్పి, మీటర్ ఒక ముల్లు దానికి, రెండోది ఇంజనుకి పెట్టి చూడు. మీటర్ ఓమ్స్‌లో ఉండాలి. నొక్కితే సున్నా రావాలి, అంటే దారి కలిసినట్టు; వదిలితే ఏ అంకే రాకూడదు, అంటే దారి తెగినట్టు. తర్వాత వైరు బిగించి, బండి స్టార్ట్ చేసి, కదలకుండా నిలబెట్టి ఉంచి, హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు. ఎక్కడా నీరసించకూడదు. ఇక రోజూ బండిని ఆ బటన్‌తోనే ఆపు, ఇంకో రకంగా ఆపకు. ఏ రోజు ఆగలేదో ఆ రోజు బండి బయటికి తీయకు, ఇంటి ముందు తెలియడమే మేలు. యాక్సిలేటర్ కేబుల్ ఇవాళే కొత్తది వెయ్యి. ఎప్పుడైనా అది ఇరుక్కుంటే బటనూ క్లచ్చూ రెండూ ఒకేసారి. అరిచినా క్లచ్ వదలకు.

దొంగలు కిక్ కొట్టి ఎత్తుకుపోతారని భయముంటే సీటు కింద ఇంకో స్విచ్ పెట్టుకో, అదీ ఎర్త్ చేసేదే అయ్యుండాలి. పోతే బండి పోతుంది, నాకు దాని బెంగ లేదు.

వేల్స్ దాకా పోతానన్నావట. పో. వద్దనను. మీ తాతయ్య కూడా అననిచ్చేవాడు కాదు. చెయ్యి కట్టు విప్పిన వారానికే మళ్ళీ వెనక ఎక్కాడు వాడు.

బండి తయారయ్యాక నాకు ఫోన్ చెయ్యి. మీకు రాత్రయినా, ఇక్కడ తెల్లవారుజామైనా సరే. ఫోను ఇంజను పక్కన పెట్టి కిక్ కొట్టు. కాసేపు విననియ్. తర్వాత బటన్ నొక్కు, అది ఆగిపోవడం కూడా నేను వినాలి.

మీ
పెద్ద తాతయ్య