చెక్కకు వృద్ధాప్యమా, ముదురుదనమా?

సందేహం: మా మేనమామ గారు వడ్రంగి. కొత్త చెక్కతో చేసిన బల్లలకు, తలుపులకు ఏవో ద్రావకాలు పూసి, పాతకాలం నాటి వాటిలా కనిపించేలా చేస్తుంటారు. ఆ పని గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో 'కలపను రసాయనికంగా నల్లపరచి కృత్రిమ వృద్ధాప్యాన్ని కలిగించే ప్రక్రియ' అని రాస్తే, మామయ్య చదివి "ఇది మా పనిలా లేదురా" అన్నారు. ఇందులో తప్పేమిటి? నల్లపరచడమా, నల్లబరచడమా? పోనీ 'పాత రంగు వేయడం' అంటే చాలా? అమ్మోనియాతో చేసే పద్ధతిని 'పొగబెట్టడం' అనవచ్చా?

సమాధానం: వ్యాకరణం వరకు మీ వాక్యంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా మీ మామయ్య గారి మాటే నిజం. ఆయన చేతిలో జరిగే పని ఆ వాక్యంలో కనబడదు. మీరు వెతుకుతున్న మాట నిఘంటువుల అడుగున ఎక్కడో లేదు, కూరగాయల బండి దగ్గర రోజూ వినబడుతూనే ఉంటుంది. ఆ మాట ముదరడం.

బెండకాయ ముదిరిందంటే ఏమిటో చెప్పక్కర్లేదు. జబ్బు ముదురుతుంది, గొడవ ముదురుతుంది. ముసలివాళ్లు ముదుసలులు, ముసలితనం ముదిమి. అదే మనిషి బట్టల కొట్టుకు వెళ్లి "ఇదే నీలంలో కొంచెం ముదురు రంగు చూపించండి" అంటాడు. దీని ఎదురు మాట చూడండి: లేత. లేత బెండకాయ, లేత వయసు, లేత నీలం. వయసు పైబడడాన్నీ రంగు చిక్కబడడాన్నీ తెలుగు ఒకే జంట మాటలతో చెబుతుంది. కోసిన కొత్తలో చెక్క లేత రంగులో ఉంటుంది. గాలికి, వెలుతురుకు ఏళ్ల తరబడి చాలా రకాల చెక్కకు రంగు ముదురుతుంది. మీ మామయ్య గారు అదే ముదురుదనాన్ని ఒక పూటలో తెప్పిస్తున్నారు. అంటే 'వయసు' అని ఒకటి, 'రంగు' అని ఒకటి విడివిడిగా రాసి, వాటిని ఒక పెద్ద సంస్కృత సమాసంతో కట్టాల్సిన అవసరమే లేదు. 'చెక్క రంగు ముదుర్చడం' అంటే రెండూ వచ్చేశాయి. కుదురు నుంచి కుదుర్చు వచ్చినట్టే ముదురు నుంచి ముదుర్చు. ఈ రూపం మీ పాఠకుల చెవికి కొత్తగా ఉంటుందనుకుంటే 'రంగు ముదిరేలా చేయడం' అని రాయండి. అదీ మంచి తెలుగే.

వృద్ధాప్యం దగ్గర ఇబ్బంది ఏమిటంటే, ఆ మాటకు ప్రాణం కావాలి. వృద్ధుడు, వృద్ధి రెండూ 'పెరుగు' అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి వచ్చాయి. పెరిగి, పండి, వాలిపోయే దేహానిది వృద్ధాప్యం. చెట్టుకు చెప్పినా చెల్లుతుందేమో గానీ, కోసి చిత్రిక పట్టిన పలకకు చెప్పలేం.

ఇక 'పాత రంగు వేయడం' సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే తెలుగు క్రియలు ఇక్కడ చాలా పట్టింపుగా ఉంటాయి.

మా అమ్మమ్మ గారి ఇంట్లో దొడ్డివైపు తలుపు ఒకటి ఉండేది. ఇనుప మేకులు కొట్టిన తుమ్మ తలుపు. వానాకాలం వచ్చిందంటే ప్రతి మేకు చుట్టూ రూపాయి బిళ్ల అంత నల్లటి వలయం, దాని కింద జానెడు పొడవున కాటుక కారినట్టు ఒక చార. చిన్నప్పుడు గోటితో గీకి చూశాను, పోలేదు. తడిగుడ్డతో తుడిచినా పోలేదు. అది చెక్క పైన అంటిన మురికి కాదు, చెక్కే అలా మారింది. వానకు మేకు తుప్పుపట్టి ఇనుము నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు చెక్కలోకి ఇంకి, అక్కడున్న వగరును కలుస్తాయి. ఈ రెండూ కలిస్తే పుట్టేది నలుపు. రసాయనశాస్త్రంలో టానిన్ అనే పదార్థానికి నాలుకకు తెలిసిన పేరే వగరు. తుమ్మచెక్క, కరక్కాయ, తంగేడు బెరడు, పచ్చి అరటికాయ, చిక్కటి టీ, అన్నింటిలోనూ అదే. తోళ్లు పదును చేయడానికి తుమ్మ, తంగేడు బెరళ్లు వాడేది ఈ వగరు కోసమే. ఇనుప కత్తిపీట మీద పచ్చి అరటికాయ తరిగితే ముక్కలూ వేళ్లూ నల్లబడేదీ చాలావరకు అందుకే.

మీ ఉత్తరం చదివాక నేను కూడా చేసి చూశాను. గాజు సీసాలో వెనిగర్ పోసి, తుప్పు మేకులు గుప్పెడు వేసి, మూత బిగించకుండా నాలుగు రోజులు వదిలేశాను. ఆ నీళ్లు చూడడానికి పలచటి టీలా ఉన్నాయి, నలుపు లేనే లేదు. కుంచెతో ఒక తుమ్మ ముక్క మీద పూశాను. ఒక్క నిమిషం ఏమీ కాలేదు. తర్వాత నీడ కమ్మినట్టు బూడిదరంగు పాకింది. నేను చూస్తుండగానే అది నలుపుకు తిరిగింది. పార్సిల్ పెట్టె నుంచి ఊడదీసిన పైన్ ముక్క మీద అదే నీళ్లు పూస్తే, బూడిదరంగు దగ్గరే ఆగిపోయింది. పైన్‌లో వగరు తక్కువ. ఇంకో పైన్ ముక్కకు ముందు చిక్కటి టీ డికాషన్ పట్టించి, ఆరాక ఇనుప నీళ్లు పూశాను. ఈసారి నల్లబడింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో నేను రంగు ఎక్కడ వేశాను? నా కుంచెలో నలుపు లేదు. అందుకే 'రంగు వేయడం' కుదరదు. గోడకు రంగు వేస్తాం, బొమ్మకు రంగు వేస్తాం. అక్కడ రంగు డబ్బాలో ఉంటుంది, దాన్ని తెచ్చి పైన పరుస్తాం. పూసినదాంట్లో లేని రంగు, పూసిన చోట పుట్టినప్పుడు తెలుగువాళ్లు వేరే క్రియలు వాడారు. గోరింటాకు ముద్ద పచ్చగా ఉంటుంది, చేయి మాత్రం ఎర్రగా 'పండుతుంది'. తమలపాకు ఆకుపచ్చ, సున్నం తెలుపు, వక్కతో కలిపి నమిలితే నోరు ఎర్రగా పండుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపుకు 'తిరుగుతుంది', అదే పారాణి. ఎక్కడా 'వేయడం' లేదు. రసాయన చర్య అన్న మాట పుట్టకముందే, వేసిన రంగు వేరు, పుట్టిన రంగు వేరు అని మన ఆడవాళ్ల మాటల్లో తేలిపోయింది. దీన్ని గమనించినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఇలా పుట్టిన రంగుల్లో 'పండడం' ఎక్కువగా ఎరుపుకు వాడే మాట. చెక్క నల్లగా పండిందని ఎవరూ అనరు. గోధుమరంగు, నలుపు వైపు వెళ్లేదాన్ని ముదిరిందనే అంటారు.

ఇదే విద్యను మరో చోట వందల ఏళ్లుగా చేస్తున్నారు, మీ వ్యాసంలో తప్పక చేర్చండి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. వేరుగా కుండలో తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ ద్రావకం పేరు కసిం. వెదురు కలాన్ని కసింలో ముంచి గీత గీస్తే, గుడ్డలోని కరక్కాయ వగరు తగిలి గీత నల్లబడుతుంది. నా పైన్ ముక్కకు టీ ఎలాగో, ఆ గుడ్డకు కరక్కాయ అలాగ. వెనిగర్‌లో నానిన మేకుల నీళ్లకు పరాయి పేరు వెతకకండి, 'కసిం లాంటి ఇనుప నీళ్లు' అంటే తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ నీళ్లను పులియబెట్టడం, మాగబెట్టడం అనవచ్చు. చెక్కను మాగబెట్టడం మాత్రం అనకండి. మాగేది మూతకింద, తన వేడికి తాను, మామిడికాయల్లా.

నల్లపరచడమా, నల్లబరచడమా? తెల్లబడు, చల్లబడు, మెత్తబడు, పాతబడు అన్నప్పుడు ప కాస్తా బ అయింది. సిగ్గుపడు, భయపడు, బాగుపడు అన్నప్పుడు ప అలాగే నిలిచింది. నల్ల మొదటి గుంపులోది కాబట్టి నల్లబడు, నల్లబరచు అనడం చెవికి ఇంపు. నల్లపరచు అని రాసేవాళ్లూ ఉన్నారు, దాన్ని దోషమని కొట్టేయను. నా అభ్యంతరం సంధి గురించి కాదు, అర్థం గురించి. ఇనుప నీళ్లు పూస్తే నలుపు వస్తుంది, నిజమే. అమ్మోనియా తగిలితే వచ్చేది గోధుమరంగు. పొటాషియం పర్మాంగనేట్ ద్రావకం పూసేటప్పుడు ఊదాగా ఉండి, చెక్కకు తగిలాక గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ మూడింటినీ నల్లబరచడం అంటే రెండింటి విషయంలో అబద్ధం చెప్పినట్టే. ముదుర్చడం అంటే మూడూ ఇముడుతాయి.

'రసాయనికంగా' తీసేసి 'రసాయనాలతో' అని రాయండి. దేనితో చేశామో చెప్పడానికి మనకు తృతీయా విభక్తి ఉండగా '-కంగా' ఎందుకు? సంస్కృత వ్యాకరణం ప్రకారమైతే అది రాసాయనికం కావాలి, వాడుకలో రసాయనికమే స్థిరపడింది, దాని జోలికి నేను పోను. మీ మామయ్య గారు బహుశా 'మందు పూసి' అంటారు. పురుగుమందు, తుపాకిమందు అనే భాషలో ఇదీ మందే. నిస్సంకోచంగా వాడండి.

అమ్మోనియా విషయంలో మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. పొగబెట్టడం అని దయచేసి రాయవద్దు. మనిషిని వెళ్లగొట్టడానికి పొగబెట్టడం అనే జాతీయం గుర్తుకొస్తుందని కాదు. పొగ అంటే నిప్పు ఉండాలి. మీ వ్యాసం చదివి ఎవరైనా నిజంగా నిప్పు రాజేస్తే? ఈ పద్ధతిలో నిప్పు లేదు. అమెరికాలో 20వ శతాబ్దం మొదటి ఏళ్లలో గస్టావ్ స్టిక్లీ అనే ఫర్నిచర్ తయారీదారు తన ఓక్ చెక్క సామాను రంగు ముదరడానికి ఈ పద్ధతినే వాడి పేరు పొందాడు. వగరు బాగా ఉన్న ఓక్ చెక్క సామానును గాలి చొరని గదిలోనో గుడారంలోనో పెట్టి, పళ్లెంలో గాఢమైన అమ్మోనియా నీళ్లు పోసి మూసేస్తారు. కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో చెక్క గోధుమరంగుకు తిరుగుతుంది. ఒక్క చుక్క కూడా చెక్క మీద పడదు, లేచిన ఆవిరే పని చేస్తుంది.

జలుబు చేసినప్పుడు మనం ఏం చేస్తాం? గిన్నె ముందు కూర్చుని, తల మీదుగా దుప్పటి కప్పుకుని 'ఆవిరి పడతాం'. పిల్లలకైతే 'ఆవిరి పట్టిస్తాం'. ఓక్ కుర్చీ కూడా గుడారం కింద పళ్లెం ముందు అచ్చం అలాగే కూర్చుంటుంది. 'అమ్మోనియా ఆవిరి పట్టించడం' అని రాయండి. వెంటనే ఇంకో వాక్యం కూడా చేర్చండి: ఆ ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు ప్రమాదం, మనిషికి పట్టించేది కాదు. తగిన మాస్కు, కళ్లను కాపాడే రక్షణ అద్దాలు, బయటి గాలి లేకుండా ఎవరూ ఆ మూత తెరవకూడదు. పోలిక వాడుకున్నందుకు ఆ జాగ్రత్త రాసే బాధ్యత మనదే.

పాత, పురాతన, యాంటిక్ అనే మాటల గురించి మీరు అడగలేదు గానీ మీ వ్యాసంలో తప్పక వస్తాయి. పురాతనమంటే గుడి, కోట, శాసనం గుర్తుకొస్తాయి, భోజనాల బల్లకు అంత బరువు వద్దు. జీర్ణమంటే శిథిలమైనదని. 'పాతకాలపు' హాయిగా సరిపోతుంది. దుకాణాల్లో 'యాంటిక్ ఫినిష్' అంటారు, జనానికి తెలిసిన మాటే, ఉంచుకోవచ్చు. ఒక్కటే షరతు. 'పాతకాలపు తలుపు' అంటే నిజంగా పాతది. మందు పూసినదైతే 'పాతకాలపు తీరు తలుపు' అనాలి. కొనేవాళ్లకు ఆ 'తీరు' చాలా ముఖ్యం.

ఇంకో మాట దగ్గర కూడా పొరపాటు జరగవచ్చు. మాను నడిమధ్యన గట్టిగా, ముదురు రంగులో ఉండే భాగాన్ని చేవ అంటారు. ముదురు రంగు తెప్పిస్తున్నాం కదా అని 'చేవ తెప్పించడం' అని రాసేరు సుమా. చేవ చెట్టు బతికుండగా ఏళ్ల మీద తేరుతుంది. మందుతో వచ్చేది రంగు మాత్రమే, గట్టిదనం కాదు. చేవ తేరిన మనిషి అన్నప్పుడు మనం మెచ్చుకునేదీ ఆ గట్టిదనాన్నే.

ఇక మీ వాక్యాన్ని ఇలా మార్చి మామయ్య గారికి చూపించండి: 'కొత్త చెక్కకు మందు పూసో, ఆవిరి పట్టించో రంగు ముదిరేలా చేసి, పాతకాలపు తీరు తెప్పించే పని.' ఆయన నోట ఇంతకంటే సూటైన మాట ఏదైనా వస్తే నా వాక్యం కొట్టేసి దాన్నే ఉంచండి. ఆ మాట నాకూ రాసి పంపండి.