అంబర్‌జాక్‌లో ఆకాశం లేదు

ప్రశ్న: సముద్ర జీవుల పుస్తకం ఒకటి అనువదిస్తున్నాను. అంబర్‌జాక్ అనే చేపను ‘అంబర మీనం’ అన్నాను. ఎడిటర్ దాన్ని కొట్టేసి ‘పార చేప’ అని రాశారు. ఏది సరి?

జవాబు: రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

‘అంబర మీనం’ వినడానికి బాగుంది, చిక్కంతా అక్కడే. మనకు అంబరం అంటే ఆకాశం, కాకపోతే బట్ట. చదివేవాడు నీళ్ళ మీద ఎగిరే పక్షిచేప అనుకుంటాడు. పద్యాలు తెలిసినవాడైతే పీతాంబరం కట్టిన చేపే కళ్ళ ముందుకొస్తుంది! ఇక్కడి అంబర్ అరబ్బీ మాట. మొదట తిమింగలం కడుపులో పుట్టే సుగంధద్రవ్యం పేరు. ఐరోపా చేరాక, చెట్టుబంక యుగాల తరబడి గట్టిపడి రాయిలా మారిన పచ్చటి పదార్థానికీ ఆ పేరే అంటుకుంది. అదే మన తృణమణి. రుద్దితే గడ్డిపరకను లాక్కుంటుంది కనుక ఆ పేరు. ఈ చేపకు రెండు పక్కలా ఆ రంగు చార ఉంటుంది. అలాగని ‘తృణమణి మీనం’ అంటే నోరు తిరగదు.

జాక్ అనేది ఇంగ్లీషులో పార జాతి చేపలకు వాడే మాట. (జాక్‌ఫ్రూట్‌లోది వేరు, అది మలయాళం ‘చక్క’.) మీ ఎడిటర్ కుటుంబం వరకు సరిగ్గానే పట్టారు. కానీ పార చేప కోసినవాళ్ళని అడగండి. తోక దగ్గర రంపంలా గట్టి పొలుసుల వరస వేలికి గుచ్చుకుంటుంది. అంబర్‌జాక్‌కి అది ఉండదు, అక్కడ నున్నగా ఉంటుంది. అసలు గుర్తు మొహం మీద: మూతి నుంచి కంటి మీదుగా నడినెత్తి దాకా ఏటవాలుగా నల్లచార. ఎదురుగా చూస్తే రెండు చారలూ జపాన్ లిపిలో ఎనిమిది అంకెలా కనిపిస్తాయట. అందుకే వాళ్ళు ‘కంపాచి’ అన్నారు, కళ్ళ మధ్య ఎనిమిది అని.

పిల్లలప్పుడు పసుపు ఒంటి మీద నిలువు పట్టీలతో, తేలే నాచు కింద, దుంగల కింద నక్కి ఉంటాయి. పెద్దయ్యాక పగడపు దిబ్బల దగ్గరా, మునిగిన ఓడల దగ్గరా తిరుగుతూ చిన్న చేపల్నీ స్క్విడ్లనీ వేటాడతాయి. పెద్ద రకం ఆరడుగులు దాటగలదు.

కాబట్టి ‘అంబర్‌జాక్’ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘పార జాతికి చెందిన పెద్ద చేప’ అని కలపండి చాలు. వంటల అధ్యాయంలో కంపాచి అని తగిలితే కొత్త చేప అనుకుని ఇంకో పేరు వెతకకండి, ఇదే.