ఐఫోన్ యాప్‌ల కోసం అప్పు చేసి మ్యాక్‌బుక్ కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలోనే బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఐఫోన్ యాప్‌లు చేసేవారికే మంచి జీతాలని, అందుకు మ్యాక్‌బుక్ తప్పనిసరి అని బంధువులు అంటున్నారు. ద్వారకానగర్‌లోని ఒక శిక్షణ సంస్థ మాత్రం ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ చేయడం మూడు నెలల్లో నేర్పిస్తామంటోంది. ఏ దారి మంచిది? అప్పు చేయమంటారా? — ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, శిక్షణ సంస్థ మాట ఉంది, అప్పు సంగతి ఉంది. మీ అబ్బాయి ఇంతవరకు ఏం తయారు చేశాడో, అతనికి ఏది ఇష్టమో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. కటువుగా అనిపించినా ముందుగా ఈ మాట అనక తప్పదు, ఎందుకంటే కోర్సు చదవవలసినది అతను, అప్పు తీర్చవలసినది మీరు, సలహా ఇచ్చిన బంధువులకు ఈ రెండింటిలో ఏ భారమూ లేదు.

ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో ఒక దారి పడితే రెండోది శాశ్వతంగా మూసుకుపోతుందేమోనన్నది మీ అసలు భయం. అలా జరగదు. ఆండ్రాయిడ్‌కు వాడే కాట్లిన్, ఐఫోన్‌కు వాడే స్విఫ్ట్ చాలా విషయాల్లో దగ్గరి ప్రోగ్రామింగ్ భాషలే కాబట్టి, ఒకటి గట్టిగా వచ్చినవారికి రెండోది పట్టుబడడానికి ఎక్కువ కాలం పట్టదు.

నిజంగా నేర్చుకోవలసిన తేడా వేరే చోట ఉంది. యూపీఐ యాప్‌ను కొత్త ఫోన్‌లో మొదలుపెట్టినప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో మీరు అనుమతి ఇస్తే యాపే దానిని పంపుతుంది. ఐఫోన్‌లో సందేశం సిద్ధమై తెర మీదికి వస్తుంది గాని, పంపే బటన్ మీరే నొక్కాలి, ఎందుకంటే ఏ యాప్ కూడా తనంతట తాను సందేశం పంపడానికి ఆపిల్ ఒప్పుకోదు. అలాగే తెర మూసి ఉన్నప్పుడు పనిచేసే యాప్‌లకు ఐఫోన్‌లో పాటలు, కాల్స్, లొకేషన్ వంటి కొన్ని పనులకే వీలుంటుంది. ఆండ్రాయిడ్‌లో వెసులుబాటు ఎక్కువే అయినా, కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో ఆ యాప్‌ను మధ్యలోనే ఆపివేస్తాయి. ఈ తేడాలను పట్టిక వేసి బట్టీ పట్టడం వృథా, అవి మారిపోతూనే ఉంటాయి: ఆండ్రాయిడ్‌లో మొదటి నుంచీ ఉన్న హోమ్ స్క్రీన్ విడ్జెట్లు (యాప్ తెరవకుండానే సమాచారం చూపే చిన్న పెట్టెలు) ఐఫోన్‌కు 2020లో వచ్చాయి, ఐఫోన్‌లాగా ఒక్కొక్క అనుమతిని విడిగా అడిగే పద్ధతి ఆండ్రాయిడ్‌కు 2015లో వచ్చింది.

ఒకే కోడ్ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఇలా ఒకే కోడ్‌తో యాప్ చేయడానికి వాడే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ మంచి పనిముట్లు, కంపెనీలు వాటిని వాడుతున్నాయి కూడా. అయితే మూడు నెలల్లో విద్యార్థి నేర్చేది తెరలను అందంగా పేర్చడం. బ్లూటూత్‌తోనో, లొకేషన్‌తోనో పని పడి ఒక ఫోన్‌లో నడిచి రెండోదాంట్లో నడవనప్పుడు, ఆ రెండు వ్యవస్థల లోపలి సంగతి తెలియనివాడు అక్కడే ఆగిపోతాడు. పైగా ఏ పనిముట్టుతో రాసినా ఐఫోన్ యాప్‌గా మార్చడానికి ఎక్స్‌కోడ్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది ఆపిల్ కంప్యూటరైన మ్యాక్ మీదనే నడుస్తుంది. ఈ సంగతి ఫీజు కట్టకముందే చెప్పారో లేదో అడగండి. గూగుల్ 2025లో విశాఖకు ప్రకటించిన డేటా సెంటర్‌ను చూపించి ఎవరైనా యాప్ కోర్సు అమ్మజూపితే అదీ నమ్మవద్దు, ఆ ఉద్యోగాలు వేరు.

కాబట్టి ఇప్పుడు మ్యాక్ కొనవద్దు. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో మామూలు విండోస్ ల్యాప్‌టాప్ మీదనే నడుస్తుంది. ర్యామ్ తక్కువైతే వీలున్నంత పెంచండి, యాప్‌ను పరీక్షించడానికి పాత ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే చాలు. గాజువాక నుంచి కాలేజీకి వెళ్లే బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగిందో, ఫోన్ జేబులో ఉన్నా నమోదు చేసే చిన్న యాప్‌ను అతన్నే చేయమనండి. పైన చెప్పిన అనుమతులు, బ్యాటరీ ఆదా వంటి చిక్కులు అందులో ఎదురవుతాయి. ఐఫోన్ పని ఇచ్చే ఉద్యోగమో, ఇంటర్న్‌షిప్పో చేతికి వచ్చినప్పుడు మ్యాక్ సంగతి చూడవచ్చు.

ఖర్చులోనూ తేడా ఉంది. యాప్‌ను స్టోర్‌లో పెట్టాలంటే ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, గూగుల్ ప్లేకు ఒక్కసారి 25 డాలర్లు చాలు. అయితే కొత్తగా సొంత ఖాతా తెరిచినవారు యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది చేత వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలన్నది గూగుల్ నిబంధన. ఆ పన్నెండు మందిలో మీరూ ఒకరై, యాప్ ఎక్కడ ఆగిపోయిందో రోజూ అతనికి చెప్పండి.