మా అక్కకి ట్రిప్టేజ్ 34 వచ్చింది, మాస్టోసైటోసిస్ అంటున్నారు. రోజూ ఎలా జాగ్రత్తపడాలి?

ముందుగా ఒక మాట. మాస్టోసైటోసిస్ అంటే అలర్జీ తెప్పించే మాస్ట్ కణాలు ఒంట్లో ఎక్కువైపోయే జబ్బు. ట్రిప్టేజ్ ఆ కణాలు వదిలే ఒక ఎంజైమ్, రక్తంలో కొలుస్తారు. ట్రిప్టేజ్ 20 దాటినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు. కిడ్నీ సమస్య ఉన్నా పెరుగుతుంది. ఎముక మజ్జ పరీక్ష, కిట్ (KIT) అనే జన్యువుకి పరీక్ష అవసరమా అని హెమటాలజిస్టునే (రక్తజబ్బుల డాక్టరు) అడగండి.

నాకు ఇది బయటపడి ఆరేళ్లయింది. తొడల మీద గోధుమరంగు మచ్చలు కాలేజీ రోజుల నుంచే ఉండేవి. స్నానంలో పీచుతో రుద్దితే ఆ మచ్చలు మాత్రమే ఎర్రగా ఉబ్బేవి. ఎవరం పట్టించుకోలేదు. తర్వాత నడుంనొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేస్తే పది నిమిషాల్లో ఒళ్లంతా మంట, కళ్లు తిరిగి పడిపోయాను. టెన్షన్ అన్నారు, సెలైన్ పెట్టి పంపేశారు. చివరికి ఒక చర్మం డాక్టరుగారు మచ్చని గీసి, అది ఉబ్బేదాకా చూసి, రక్తపరీక్ష రాశారు.

మాస్ట్ కణాలు అందరికీ ఉంటాయి. మనకి లెక్కకు మించి ఉంటాయి, చిన్నదానికే హిస్టమిన్ అనే అలర్జీ రసాయనం వదిలేస్తాయి. ఏది పడదన్నది మనిషిని బట్టి మారుతుంది. నాకు రొయ్యలు ఏమీ చేయవు, మే నెల ఎండలో బస్సు కోసం నిలబడితే మాత్రం అయిపోయాను. మొదట్లో ఎవరో చెప్పారని వంకాయ, టమాటా, పెరుగు అన్నీ మానేసి ఆరు కిలోలు తగ్గాను. శుద్ధ దండగ! ఏం తిన్నాను, ఎక్కడున్నాను, ఏమైంది అని మూడు నెలలు రాసుకున్నాకే అసలు సంగతి తెలిసింది.

రోజూ హిస్టమిన్‌ని అడ్డుకునే సెటిరిజిన్, ఫామోటిడిన్ మాత్రలు వేసుకుంటాను. మోతాదు మీ డాక్టరే చెప్పాలి. ప్రాణం మీదకొచ్చే అలర్జీకి వెంటనే ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్, దాని పెన్ (రెడీగా ఉండే ఇంజెక్షన్) మాకు దొరకలేదు. అందుకే ఆంప్యూల్ (మందు ఉన్న చిన్న గాజుసీసా), సిరంజి డబ్బాలో పెట్టుకుని తిరుగుతాను. డాక్టరుగారు చెప్పిన మోతాదు దగ్గర సిరంజి మీద గీత గీశాం. మావారు నీళ్లు నింపి బత్తాయి మీద గుచ్చి ప్రాక్టీస్ చేశారు. మొదటి రోజు చేతులు వణికి ఆంప్యూల్ మెడ విరవలేకపోయారు. ఇప్పుడు నిమిషంలో తొడ బయటి కండకి ఇచ్చేయగలరు. ఇచ్చాక పడుకోబెట్టాలి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో నాలుగు గంటల లోపే ట్రిప్టేజ్‌కి రక్తం తీయమని అడగండి, తర్వాత ఆ పెరుగుదల దొరక్కపోవచ్చు.

ఎముకల సాంద్రత కూడా చూపించండి, ఈ జబ్బులో ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. నా పర్సులో జబ్బు పేరు, పడని మందులు రాసిన కాగితం ఉంటుంది. రూట్ కెనాల్‌కి వెళ్లినా కుర్చీలో కూర్చునే ముందే అది చూపిస్తాను.